తెరలకు జ్ఞాపకము కావలెను

నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాసిన అక్షరము వ్రాసినట్లే కనపడుతుంది. దాని అడ్డును గాని, నిలువును గాని మార్చే అధికారము నడుమ ఎవరికీ లేదు. తెర మీది అక్షరము అటువంటిది కాదు. అది కంప్యూటరులో పుట్టి, తీగ వెంట నడచి, ఒకటి రెండు పెట్టెల గుండా దూరి, చివరకు ప్రొజెక్టరు ద్వారానో, గోడకు బిగించిన ప్యానెలు ద్వారానో మన కంటికి చేరుతుంది. ఈ దారిలో ప్రతి మజిలీలోను ఏదో ఒక యంత్రము దాని కొలతలను నిర్ణయిస్తూనే ఉంటుంది. ఆ నిర్ణయాలు ఎక్కడ భద్రపడుతున్నవి, మరల కావలసినప్పుడు ఏ విధముగా బయటికి వస్తున్నవి అన్న ప్రశ్న సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించినదని చాలమంది అభిప్రాయము. మేము ఆ అభిప్రాయముతో ఏకీభవించుట లేదు. ఉర్దూ, తెలుగు రెండు లిపులలో పాఠాలు నడిచే మన వంటి కళాశాలలో ఇది అక్షరాలా అక్షరాలకు సంబంధించిన విషయము.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. బే, పే, తే అనే మూడు అక్షరాల ఆకారము ఒక్కటే. క్రింద ఒక చుక్క ఉంటే బే, క్రింద మూడు ఉంటే పే, పైన రెండు ఉంటే తే. ‘బాత్’ అంటే మాట, ‘బాప్’ అంటే తండ్రి. ఈ రెండు పదాలకు చివరి అక్షరపు చుక్కలే తేడా. మూడు చుక్కలు కలిసి ఒక మచ్చ అయినచో చదివేవాడు సందర్భమును బట్టి ఊహించుకొనవలసినదే. మన తెలుగు మాత్రము తక్కువ తిన్నదా? ‘దార’ అంటే భార్య, ‘ధార’ అంటే ప్రవాహము. అడుగున ఒక చిన్న గీత వీటిని వేరు చేస్తున్నది. ‘పలము’ ఒకనాటి తూనిక, ‘ఫలము’ చెట్టున కాసేది. ఇంగ్లీషు అక్షరాలు కొంత మసకబారినా చదువుకొనవచ్చును. చుక్కల మీద, గీతల మీద, వత్తుల మీద బ్రతికే మన లిపులకు ఆ వెసులుబాటు తక్కువ. కనుక తెర అమరిక తప్పిన రోజున మొదట నష్టపోయేది మనమే.

నష్టము ఎట్లు కలుగుతుందో లెక్క వేసి చూడవచ్చును. నేడు సాధారణముగా దొరికే ప్యానెలులో అడ్డముగా 1920, నిలువుగా 1080 కాంతి బిందువులు ఉంటవి. కంప్యూటరు దానికి సరిగా 1920, 1080 పంపితే ఒక బిందువుకు ఒక బిందువు చొప్పున కూర్చుంటుంది. అట్లు గాక పాత పద్ధతిలో 1024, 768 పంపినదనుకొందము. తెర నిండా దానిని పరచుటకు ప్యానెలు ప్రతి బిందువును అడ్డముగా 1.875 రెట్లు, నిలువుగా సుమారు 1.41 రెట్లు సాగదీయవలెను. పూర్ణాంకము కాదు గనుక బిందువుకూ బిందువుకూ మధ్య రంగులు కలిసి అంచులు మసక అవుతవి. అంతకంటె ముఖ్యముగా, అడ్డుసాగుడు నిలువుసాగుడు కంటె మూడో వంతు ఎక్కువ. గుండ్రముగా తీర్చిన ‘ర’ కోడిగ్రుడ్డు పడుకొన్నట్లు అవుతుంది. రేఖాగణితము చెప్పే ఉపాధ్యాయుడు వృత్తమును చూపి, ఇది వృత్తమని నమ్మండి అని పిల్లలను బ్రతిమాలుకొనవలసి వస్తుంది.

కంప్యూటరు ఎందుకు తప్పు కొలత పంపుతుంది? తెర ఎవరో దానికి తెలియనందున. ఇక్కడనే జ్ఞాపకము ప్రసక్తి వస్తుంది.

పూర్వపు టెలివిజను పెట్టెలకు ఈ సమస్య మరొక రూపములో ఉండేది. 1975–76లో ఉపగ్రహము ద్వారా పల్లెలకు పాఠాలు ప్రసారము చేసిన సైట్ ప్రయోగము అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో జరిగినది. ఆ కాలపు పెట్టెలలో కాంతి, గాఢత, బొమ్మ నిలువు, ఇవన్నీ తిప్పే గుండీలు. గుండీని ఎక్కడ త్రిప్పి వదిలితే అక్కడే నిలుస్తుంది. కరెంటు పోయినా, మరల వచ్చినా అది కదలదు. గుండీయే జ్ఞాపకము. కర్మాగారములో సరిచేసిన లోపలి మరలు కదలకుండ వాటి మీద ఒక చుక్క లక్క రంగు వేయుట కూడ వాడుకలో ఉండేది. ఇంతకంటె సులభమైన, నమ్మదగిన జ్ఞాపకము ఆ తరువాత రాలేదని అనిపిస్తుంది. కాని దానికి ఒకే ఒక అమరిక గుర్తుంటుంది. పది రకాల కంప్యూటర్లు వచ్చి పోయే తెరకు అది చాలదు.

1987లో ఐ.బి.ఎం. సంస్థ వి.జి.ఏ. అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. దానిలో బొమ్మ కొలత 640, 480. ఆ తరువాత ఎవరికి తోచిన కొలతలు వారు తెచ్చారు. మానిటర్లు చిన్న చిప్పులను లోపల పెట్టుకొని, వచ్చే సంకేతపు అడ్డు, నిలువు వేగాలను కొలచి, ‘ఇది ఇదివరకు చూచిన సంకేతమే, దీనికి బొమ్మను ఇంత ప్రక్కకు జరిపినాము’ అని తమ పట్టికలో వెదకి అదే అమరికను మరల వేయుట నేర్చుకొన్నవి. తెర తన అతిథిని గుర్తుపట్టుట అది. తెర ఎవరో అతిథికి తెలియజేసే ఏర్పాటు మాత్రము 1994లో గాని స్థిరపడలేదు. ఆ సంవత్సరము వీసా అనే ప్రమాణాల సంఘము ఇ.డి.ఐ.డి. అనే పరిచయ పత్రమును నిర్ణయించినది.

ఈ పరిచయ పత్రము ప్రతి తెర లోపలను ఉండే చిన్న చిప్పులో వ్రాసి ఉంటుంది. దాని మూల భాగపు పరిమాణము 128 బైట్లు. అంటే ఒక పోస్టుకార్డు మీద ఇముడునంత సమాచారము. తయారీదారుని పేరుకు మూడు అక్షరాలు, తయారైన వారము, సంవత్సరము, తెర అడ్డు నిలువులు సెంటీమీటర్లలో, రంగుల స్వభావము, ఏయే కొలతలను చూపగలదో వాటి వివరాలు, అన్నిటికంటె ఎక్కువ ఇష్టమైన కొలత ఏదో, చివరన మొత్తము సరిగా అందినదా అని చూచుకొనుటకు ఒక తనిఖీ సంఖ్య. సంవత్సరమును 1990 నుండి లెక్క పెడతారు. 2014లో చేసిన తెర తన వయసును 24 అని వ్రాసుకొంటుంది. తెర పేరు వ్రాయుటకు 13 ఇంగ్లీషు అక్షరాలకు చోటు ఇచ్చారు. యూనికోడులో మన తెలుగు లిపికి కేటాయించిన స్థానాలు కూడ సరిగా 128; రెండింటికీ సంబంధమేమీ లేదు గాని, సంఖ్యల కాకతాళీయము మాకు నచ్చినది.

కంప్యూటరు ఈ పత్రమును చదువుటకు బొమ్మ వెళ్ళే తీగలతో పాటు రెండు సన్నని తీగలు వేరుగా ఉంటవి. వాటి మీద మాట్లాడే భాష ఫిలిప్స్ సంస్థ 1982లో రూపొందించినది. మన దేశములో రంగుల టెలివిజను ప్రసారము మొదలైన సంవత్సరమే అది. చిప్పుకు కావలసిన అయిదు వోల్టులు కంప్యూటరే తీగ వెంట పంపే ఏర్పాటు ఉన్నది. కనుక తెర ఆపి ఉన్నా కూడ దాని పరిచయ పత్రమును చదువవచ్చును. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి: యజమాని నిద్రలో ఉన్నా గుమ్మము మీది పేరు పలక కనపడుతూనే ఉంటుంది.

ఇక విశాఖపట్నపు సంగతి. ఇంత చక్కని ఏర్పాటును మన ఉప్పుగాలి ఏమి చేస్తుందో గ్రంథాలలో పెద్దగా వ్రాయరు. వి.జి.ఏ. తీగ కొనకు పదిహేను సూదుల అమరిక ఉంటుంది. 1, 2, 3 సూదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులను మోస్తవి. 13, 14 బొమ్మను నిలబెడతవి. 12, 15 పరిచయ పత్రమును మోస్తవి. సముద్రపు తేమకు 12వ సూదో, 15వ సూదో మకిలి పట్టినదనుకొందము. బొమ్మకు ఏ లోటూ రాదు. తెర వెలుగుతూనే ఉంటుంది. కాని కంప్యూటరుకు ఎదుట ఉన్నది ఎవరో తెలియదు. తెలియనివారి ఎదుట మర్యాదస్థుడు ఎట్లు మెలగుతాడో అది కూడ అట్లే మెలగుతుంది: అందరికీ సరిపోయే చిన్న కొలతను పంపి ఊరకుంటుంది. చవక తీగలలో ఈ రెండు తీగలు అసలు లేకుండనే చేసి అమ్మేవారు కూడ ఉన్నారు. చూచేవారికి మాత్రము తెర పాడైనదనియో, ఉపాధ్యాయునికి కంప్యూటరు రాదనియో అనిపిస్తుంది. మేము నగరములో ఒక సభామందిరములో ఇట్టి అవస్థను కళ్ళారా చూచాము. ముషాయిరా కొరకు గజళ్ళను తెర మీద వేయగా చుక్కలన్నీ కలిసి పోయినవి. ఒక పెద్దమనిషి లేచి, ‘కవిగారు చదివినదే మాకు చాలును, ఆ తెరను ఆపండి’ అన్నారు. తెరను ఆపివేసిన తరువాత సభ బాగుగనే సాగినది.

తీగ ఒక్కటే దోషి కాదు. కంప్యూటరుకూ తెరకూ మధ్య పెట్టే పెట్టెల సంగతి ఇంకను చిత్రము. హాలులో ఒక ప్రొజెక్టరు, ప్రక్కన ఒక టెలివిజను ఉన్నవి; ఒకే కంప్యూటరు బొమ్మను రెండింటికీ పంచే పెట్టెను స్ప్లిటరు అంటారు. కంప్యూటరు ‘నీ పరిచయ పత్రమేది?’ అని అడుగుతుంది. స్ప్లిటరు ఎవరిది చూపవలెను? ప్రొజెక్టరుదా, టెలివిజనుదా? నాసిరకపు పెట్టె మొదటి ద్వారానికి తగిలించిన దానిని చూపి ఊరకుంటుంది, లేదా ఏదీ చూపదు. కొన్ని రెండింటికీ సమానమైన కొలతలను మాత్రము ఏరి చూపుతవి. మంచి పెట్టెకు మరొక విద్య తెలుసును. ఒక మీట నొక్కితే అది తెర పరిచయ పత్రమును చదివి, తన సొంత చిప్పులో నకలు వ్రాసుకొని, అటు తరువాత ఎవరు అడిగినా ఆ నకలునే చూపుతుంది. తీగ ఊడినా, తెర ఆగినా, కంప్యూటరుకు మాత్రము ఎప్పుడూ అదే తెర ఎదుట ఉన్నట్లే. దీనిని మోసమని ఎవరైనా అనవచ్చును గాని మేలు చేసే మోసమే. ఉక్కు కర్మాగారము వంటి పెద్ద పరిశ్రమల అదుపు గదులలో ఇట్టి నకలు ఎంత అవసరమో ఊహించవచ్చును. నాలుగు తెరల మీద కొలిమి వేడి, నీటి ఒత్తిడి, హెచ్చరికలు వేరువేరుగా పరచి ఉండగా ఒక తెరను తుడుచుటకై ఆపితే, కంప్యూటరు ఆ తెర లేదనుకొని దాని మీది కిటికీలను తెచ్చి ప్రక్క తెర మీద కుప్పవేయుట సామాన్యము. నకలు ఉన్నచో అది జరగదు.

నాణ్యమైన పెట్టెలలో ఇంకొక రకపు జ్ఞాపకము కూడ ఉన్నది. బొమ్మ కొలత, ఎక్కడ నిలపవలెను, కాంతి ఎంత, ఏ ద్వారము నుండి తీసుకొనవలెను అన్నవన్నీ కలిపి ఒక అంకె క్రింద దాచుకొని, ఆ అంకె నొక్కగానే మరల తెచ్చుకొనవచ్చును. 1 నొక్కితే పాఠము, 2 నొక్కితే చలనచిత్రము. అయితే ఇక్కడ అందరూ గమనింపవలసిన మెలిక ఒకటి ఉన్నది. మనము సర్దుబాటు చేయునప్పుడు మారేది పెట్టె యొక్క తాత్కాలిక జ్ఞాపకము మాత్రమే; అది కరెంటు ఉన్నంతసేపే. స్థిరమైన జ్ఞాపకములోనికి అది చేరవలెనంటే ‘భద్రపరచు’ అన్న మీట నొక్కవలెను. కొన్ని పెట్టెలు తామే భద్రపరచుకొంటవి గాని, చివరి సర్దుబాటు తరువాత కొన్ని క్షణాలు ఆగి వ్రాసుకొంటవి. స్థిర చిప్పులకు వ్రాతల మీద పరిమితి ఉన్నది. లక్షల సార్లు వ్రాయవచ్చును గాని లెక్కలేనన్ని సార్లు కాదు. అందుచేత మీట నొక్కిన ప్రతిసారీ వ్రాయక, మనిషి చేయి ఆగిన తరువాత ఒక్కసారి వ్రాయుట దాని పొదుపు. ఆ క్షణాలలోనే మన అటెండరు గోడ మీది స్విచ్చి ఆపితే శ్రమ అంతా వృథా.

స్థిర చిప్పు కరెంటు లేకుండ ఎట్లు గుర్తు పెట్టుకొంటుంది? దానిలో ప్రతి చిన్న గదిలోను నాలుగు ప్రక్కలా గాజు వంటి పొరతో మూసివేసిన ఒక లోహపు రేకు వంటి భాగము ఉంటుంది. వ్రాయునప్పుడు విద్యుత్తును ఆ పొర గుండా బలవంతముగా లోపలికి పంపుతారు. తరువాత అది బయటికి రాలేక ఏండ్ల తరబడి అక్కడనే చిక్కుకొని ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరములో చాల భాగాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అట్టి చీకటిలో తాత్కాలిక జ్ఞాపకాలన్నీ చెరిగిపోతవి. గదిలోనికి నీరు రాకుండ ఉంటే స్థిర చిప్పులో వ్రాసినది మాత్రము చెక్కు చెదరదు. తుపాను ఊరిలో కొనే పరికరము ఏ రకపు జ్ఞాపకము కలదో అడుగకుండ కొనుట మాకు అర్థము కాని విషయము.

మేము ఈ వ్యాసము వ్రాయుటకు అసలు ప్రేరణ మన రేవు. 1933లో తెరచిన ఈ రేవునకు నేడు వచ్చే పెద్ద ఓడలలో కాగితపు పటాలకు బదులు తెర మీది పటము ఉంటుంది. దీనిని ఎక్‌డిస్ అంటారు. 2012 నుండి 2018 లోపల దశలవారీగా అంతర్జాతీయ యానము చేసే పెద్ద ఓడలకు దీనిని తప్పనిసరి చేశారు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో దానికి పెట్టిన ప్రమాణాలలో రెండు నియమాలు మన తరగతి గదికి పనికివస్తవి. మొదటిది: పరికరమును ఆపి మరల వేసినా, కరెంటు పోయి వచ్చినా, నావికుడు చివరగా తన చేతితో ఎంచుకొన్న ప్రదర్శన అమరికకే అది తిరిగి రావలెను. రెండవది: ఏ స్థితిలో ఉన్నా ఒకే ఒక చర్యతో ప్రామాణిక ప్రదర్శన తెర మీదికి రావలెను. వీటికి తోడు, తీరరేఖ, విడిగా ఉన్న అపాయాలు వంటి మూల సమాచారమును తెర నుండి తొలగించే వీలు ఎవరికీ ఉండరాదు.

ఈ రెండు నియమాలు ఒకదానికొకటి ఎదురు అనిపించవచ్చును. ఒకటి చివరి మనిషి ఇష్టమును గౌరవిస్తున్నది. ఇంకొకటి దానిని త్రోసివేసే దారి చూపుతున్నది. మా దృష్టిలో రెండూ కలిస్తేనే జ్ఞాపకము పూర్తి అవుతుంది. చివరి అమరిక ఒక్కటే ఉన్నచో, రాత్రి కావలి కొరకు ఒకరు తెరను చీకటి రంగులకు మార్చి పోతే పగలు వచ్చినవాడు గుడ్డివాడు అవుతాడు. ప్రామాణికము ఒక్కటే ఉన్నచో సందర్భము తెలియదు. ఉదాహరణకు, నావికుడు సురక్షితమైన లోతు ఎంతో చెప్పకున్నచో ఎక్‌డిస్ 30 మీటర్లని తానే అనుకొంటుంది. నడి సముద్రములో అది మంచి జాగ్రత్తే. కాని రేవు కాలువలలో అంత లోతు ఉండదు గనుక అక్కడ తెర అంతా అపాయమే అని చూపుతుంది. అంతటా అపాయమని చూపే తెర ఎక్కడ అపాయమో చెప్పలేదు. యంత్రమునకు ఊరు తెలియదు. ఊరిని దానికి చెప్పవలసినది మనిషి, చెప్పినదానిని మరువకుండవలసినది యంత్రము.

ఓడల విషయములో ఇంత ఆలోచించిన లోకము తరగతి గది విషయములో ఏమీ ఆలోచించలేదు. తెరలు కొనునప్పుడు ధరల పట్టికలో అంగుళాలను, ధరను, వారంటీని చూచి సంతకము పెట్టుట సర్వత్రా ఆచారము. నడుమ పెట్టెను ‘అనుబంధ సామగ్రి’ అన్న పద్దు క్రింద ఎవరో ఒకరు తెచ్చి బిగిస్తారు. అసలు లోపమంతా ఆ పద్దులోనే దాగి ఉంటుంది. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: ఇక మీదట కొటేషన్లు పిలిచే ఉత్తరములోనే నడుమ పెట్టె తెర పరిచయ పత్రమును నకలు వ్రాసుకొనగలదా, ఆ నకలు కరెంటు లేకున్నా నిలుస్తుందా, అమరికలను అంకెల క్రింద దాచవచ్చునా అని వ్రాతపూర్వకముగా అడుగవలెను. సమాధానము చెప్పలేని వర్తకుని వద్ద తెర ఎంత చవకైనా కొనకుండుట మేలు.

ఖర్చు పెరుగుతుందని కొందరు అనవచ్చును. పెరుగుతుంది. కాని తెర ఖరీదు ముందు ఆ పెట్టె ఖరీదు స్వల్పము. కంప్యూటరులోనే కొలతను చేతితో మార్చుకొనవచ్చును గదా అని ఇంకొందరు అంటారు. ఒకే కంప్యూటరు ఒకే గదిలో స్థిరముగా ఉన్నచోట ఆ మాట నిజమే. కాని అధ్యాపకులు ఎవరి ల్యాప్‌టాప్ వారు తెచ్చుకొంటున్నారు. ప్రతివారూ పీరియడు మొదట ఆ తంటాలు పడుట న్యాయము కాదు. సర్దుబాటు మీటలన్నిటికీ తాళము వేయవలెనన్న వాదము కూడ విన్నాము. దానిని మేము అంగీకరించలేము. లిపి చూపునప్పుడు, చలనచిత్రము చూపునప్పుడు ఒకే కాంతి పనికిరాదు. 1వ అంకెకు మాత్రము తాళము వేసి, అది పాఠపు అమరికగా ఉంచి, తక్కినవి స్వేచ్ఛగా వదలుట ఓడల పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

విద్యార్థి మిత్రులు చేయగలిగిన పని కూడ ఉన్నది. కొత్త తెర బిగించిన రోజున వర్తకుడు రంగురంగుల చేపల బొమ్మను చూపి చప్పట్లు కొట్టించుకొని పోకుండ, మన పరీక్ష పుట ఒకటి దాని మీద వేయించాలి. దానిలో ఒక నిండు వృత్తము, ‘దార–ధార’, ‘పలము–ఫలము’, ఉర్దూలో ‘బాత్–బాప్’ నస్తాలీఖులో చిన్న అక్షరాలతో ఉండవలెను. చివరి వరుస బల్ల నుండి చదువగలిగితేనే అమరికను 1వ అంకె క్రింద దాచాలి. తరువాత గోడ స్విచ్చిని ఆపి, కొంతసేపు ఆగి, మరల వేసి అదే పుట అట్లే వచ్చినదా అని చూడాలి. వచ్చినచో ఆ అంకెలను, తీగ మార్చిన తేదీని ఒక రిజిస్టరులో వ్రాయాలి. తెర ప్రక్కన ఉర్దూలోను తెలుగులోను ఒక కాగితము అంటించాలి. యంత్రపు జ్ఞాపకము చెడిన రోజున ఆ కాగితమే మిగులుతుంది. తీగ కొనలకు వానకాలము ముందు ఒకసారి, తరువాత ఒకసారి తుడుపు అవసరము. ఈ పనికి భౌతికశాస్త్ర విభాగము నుండి ఇద్దరు, ఉర్దూ, తెలుగు విభాగాల నుండి ఒక్కొక్కరు చాలుదురు. చుక్కలు పోయినవో లేదో ఉర్దూ చదివినవాడే చెప్పగలడు గనుక ఆ ఒక్కరిని మాత్రము వదలరాదు.